మాట వచ్చేదాకా

పొయ్యి మీద టీ మరుగుతోంది. మహేశ్వరి చెవి మాత్రం స్నానాల గది వైపే ఉంది. లోపల కామరాజు ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది. చెంబు చప్పుడు ఆగినప్పుడల్లా ఒక గొణుగుడు, మళ్లీ నీళ్లు, మళ్లీ గొణుగుడు. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. కూతురు ధనశ్రీ విజయనగరంలో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటోంది.

కామరాజు తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. డ్యూటీ మధ్యాహ్నం. అయినా అప్పుడే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"లోపల ఎవులితో మాటాడతన్నావ్ మావా?"

"ఎ... ఎవ..."

"ఎవులితోనూ నేదా? పాట గాబోలు. సర్లే, టీ తాగు. ఇంత పొద్దున్నే ఎక్కడికి బయల్దేరినావ్?"

"శ్రీ... శ్రీని..."

"శ్రీనివాసరావు బాబు రమ్మన్నాడా? యూనియన్ పనా? అయితే ఎల్లు, బేగి వచ్చీ."

కామరాజు ఏదో అనబోయి, ఆగి, గ్లాసు అందుకున్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

అతనికి చిన్నప్పటి నుంచీ నత్తి. పోర్టులో ఒక ప్రైవేటు కంపెనీలో క్రేను నడుపుతాడు. ఆ పైన క్యాబినులో మాటలతో పని లేదు కాబట్టి బతికిపోయాడు. కింద మిగతా ప్రపంచంతో మాట్లాడటానికి మహేశ్వరి ఉంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి బస్సు కండక్టరు అతన్ని వెక్కిరిస్తే, "కంచరపాలెం రెండు" అని గట్టిగా అరిచి టిక్కెట్లు తీసుకున్నది ఆమే. అప్పటి నుంచి రేషను షాపులో, డాక్టరు దగ్గర, చుట్టాల ఇళ్లలో అతని నోరు ఆమే అయింది. కామరాజు మొదటి అక్షరం పలికితే చాలు, మిగతాది ఆమె పూర్తి చేసేది. ఇంతకన్నా మొగుణ్ణి కాచుకోవడం ఏముంటుందని ఆమె నమ్మకం.

ఆ నమ్మకంలోనే ఈ మధ్య ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. పొద్దున్నే వెళ్లడం, అటు నుంచి అటే డ్యూటీకి పోవడం, అద్దం ముందు నిలబడి పెదాలు కదపడం, తను గదిలోకి వస్తే టక్కున ఆపేయడం.

చేపల గంప దించుకుంటూ గంగాలమ్మ ఆ ముల్లును ఇంకాస్త లోపలికి దింపింది.

"ఓలమ్మా, నిన్న మీ ఆయన్ని వన్ టౌన్‌లో సూసినాను. సేతిలో పళ్ల సంచి. ఆ సచ్చిపోనాడే, పీరు బాయి... ఆలింట్లోకే ఎల్తన్నాడు."

"యూనియన్ పని మీదేమో."

"మొగుడు నేని ఆడమనిషి కాడ యూనియన్ పనేటమ్మా?" అని గంగాలమ్మ నవ్వేసి, "కానాగంతలు తాజావి, సూడు" అంది.

మహేశ్వరి చేపలు కొన్నది గానీ ఏ చేపలు కొన్నదో ఆమెకే తెలియలేదు.

పీర్ మహమ్మద్ కామరాజుకి ప్రాణ స్నేహితుడు. ఓడ మీద నిలబడి క్రేనుకి చేతి సైగలు ఇచ్చేవాడు. పైన ఉన్న కామరాజు ఆ చేతిని చూసి బరువు దించేవాడు. కిందటేడు ఇనుప కడ్డీల కట్ట కట్టిన వైరు తెగింది. పీర్ ఆ కట్ట కింద పడి చనిపోయాడు. తప్పు అతనిదేనని, ఎత్తిన బరువు కిందికి వెళ్లకూడదన్న నియమం మీరాడని విచారణలో తేల్చారు. ఆ తర్వాత కామరాజు చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. మహేశ్వరే బలవంతాన తినిపించింది.

అలాంటి స్నేహితుడి భార్య ఇంటికి, తనతో చెప్పకుండా, పళ్లు పట్టుకుని!

ఆ సాయంత్రం ఆమె మార్కెట్లో శ్రీనివాసరావుకి ఎదురుపడింది. "పొద్దున మా ఆయన మీ కాడికి వచ్చినాడు గదండీ?" అని మామూలుగా అడిగినట్టు అడిగింది.

"కామరాజా? లేదమ్మా. నేను చూసి నాలుగైదు రోజులైంది" అన్నాడు యూనియన్ నాయకుడు.

ఇంటికి వచ్చి బట్టలు ముందేసుకుంది. మొగుడి చొక్కా ఉతుకుతూ వాసన చూసింది. అగరొత్తుల వాసన. అన్నం వడ్డిస్తూ అతని ముఖం చూసింది. ఆ ముఖంలో ఏదో వెలుగు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

కామరాజుకి సెలవు రోజు వచ్చింది. భోజనం చేసి అతను చెప్పులు వేసుకుని వెళ్లగానే మహేశ్వరి తాళం వేసి, అతనెక్కిన బస్సు వెనకే ఆటోలో వెళ్లింది. పూర్ణా మార్కెట్ దగ్గర దిగి, కొంగు తల మీదికి లాక్కుని, ఉల్లిపాయల బస్తాలు మోసే బళ్ల మధ్య నుంచి అతని వెనకే నడిచింది. సందులోంచి సందులోకి తిరిగి అతను ఒక పాత పెంకుటింటి ముందు ఆగాడు. తలుపు తెరుచుకుంది. ఒక ఆడగొంతు "రండి భాయ్" అంది. తలుపు మూసుకుంది.

కిటికీకి పాత చీర తెర కట్టి ఉంది. మహేశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది.

లోపల కామరాజు మాట్లాడుతున్నాడు.

ఆగుతూ, తడబడుతూ, మళ్లీ అందుకుంటూ. కానీ మాట్లాడుతున్నాడు. ఒక మాట కాదు, ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం. "ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది... నాను పైనుంచి అంతా సూసినాను..." అంటున్నాడు. ఎవరూ మధ్యలో అడ్డు రావడం లేదు. మహేశ్వరి గుండెలో ఏదో తెగినట్టయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతు తన కోసం అంతసేపు పలకలేదు. ఇంకో ఆడదాని ఇంట్లో మాత్రం పలుకుతోంది.

ఆమె తలుపు తోసింది.

గదిలో చాంద్ సుల్తానా కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. ఆమె కూతురు షిరీన్, ఇంటరు చదివే పిల్ల, చాప మీద కూర్చుంది. కామరాజు గోడ దగ్గర, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"శ్రీనివాసరావు బాబు కాడికని అబద్దం సెప్పి ఇక్కడ సేత్తన్న పని ఇదేనా?" మహేశ్వరి గొంతు ఇంటి కప్పు ఎగరగొట్టేలా లేచింది. "నాతో మాటాడనికి నోరు రాదు. ఈ ఇంట్లో మాత్రం వత్తాదేటి?"

"వదినా, ముందు కూర్చోండి" అంటూ సుల్తానా లేచింది.

"నన్ను వదినా అనకు! మొగుడు పోయి ఏడాది తిరగనేదు..."

"ఆంటీ!" షిరీన్ లేచి నిలబడింది. ఆ పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. "అబ్బాజాన్ సభలో మాట్లాడటానికి చాచా ప్రాక్టీసు చేస్తున్నారు. నేనే నేర్పిస్తున్నా. మీకు చెప్పలేదా?"

మహేశ్వరికి అర్థం కాలేదు. సుల్తానా నెమ్మదిగా చెప్పింది. వచ్చే శుక్రవారం యూనియన్ హాల్లో పీర్ మహమ్మద్ సంస్మరణ సభ. కంపెనీ మేనేజరు కూడా వస్తున్నాడు. "ఆయన తన తప్పు వల్లే పోయాడని ఊరంతా అంటోంది వదినా. షిరీన్‌ని కాలేజీలో కూడా అన్నారు. వైరు తెగేటప్పుడు బరువు కింద ఒక కొత్త కూలీ ఉన్నాడు. అతన్ని నెట్టేయడానికే ఈయన పరుగెత్తారు. ఆ కూలీ భయపడి ఊరు వదిలి పోయాడు. పైనుంచి చూసింది భాయ్ ఒక్కరే."

"మరి విచారణలో ఆ మాట సెప్పొచ్చు కదా!"

జవాబు కామరాజు చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. పీర్ బరువు కిందికి వెళ్లాడా అని ఆఫీసరు అడిగాడు. "ఎ... ఎల్లినాడు గానీ..." అని ఇతను మొదలుపెట్టాడు. "వెళ్లాడు. చాలు" అని ఆఫీసరు రాసేసుకున్నాడు. ఆ 'గానీ' తర్వాతి మాట ఎవరికీ అక్కర్లేకపోయింది.

మహేశ్వరి కోపం సగం చల్లారింది. మిగిలిన సగం ఇంకా రగులుతోంది. "నాకెందుకు సెప్పనేదు? శ్రీనివాసరావు కాడికని అబద్దమెందుకు?"

"నా... నాను..."

"నన్ను నమ్మనేదు, అంతేనా?"

కామరాజు చెయ్యెత్తాడు. ఓడ మీద బరువు ఆపమనే సైగలా ఉంది అది. ఆమె ఆగింది.

"నాను సె... సెప్పనేదు. నువ్వే సెప్పినావు. శ్రీనివాసరావు స... సభలో మాటాడతావా అని అడిగినాడే అని సెప్పబోయినాను. సగంలో నువ్వు... యూనియన్ పని అనీసినావు." అతని నుదుట చెమట పట్టింది. "నువ్వు ఆ... ఆగలేవే. అందుకే ఇక్కడికొచ్చినాను. ఈలు ఆగుతారు."

మహేశ్వరి అక్కడున్న పీట మీద కూలబడింది. బస్సులో తను అరిచిన టిక్కెట్లు, డాక్టరుకి తను చెప్పిన నొప్పులు, అతనివో కాదో తెలియని జవాబులు, అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. కాచుకుంటున్నాననుకుంది. ఆ ఆఫీసరు ఒక్కరోజు చేసిన పని తను రోజూ చేసింది.

"ఇందాక నానన్న మాట మర్సిపో తల్లీ" అని మహేశ్వరి సుల్తానా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. సుల్తానా కూడా ఏడ్చింది. కామరాజు ఏం చెయ్యాలో తోచక నీళ్లు తెచ్చి ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చాడు.

ఆ మర్నాటి నుంచి అభ్యాసం కంచరపాలెంలో కూడా సాగింది. మహేశ్వరి కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ వినేది. అతను తలుపు దగ్గర నిలబడేవాడు. మాట తట్టుకుంటే ఊపిరి వదిలి మళ్లీ మొదలుపెట్టమని షిరీన్ చెప్పింది. తొందరపడొద్దని, అందరినీ కాకుండా ఒక్క మనిషిని చూసి మాట్లాడమని కూడా చెప్పింది. అతనికన్నా మహేశ్వరికే కష్టంగా ఉండేది. అందించాల్సిన మాట నాలుక చివర నిలబడి తన్నుకునేది. ఒకరోజు ఆపుకోలేక అనేసింది. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "తప్పయిపోనాది మావా, మళ్లీ సెప్పు" అని బతిమాలుకుంది. అతను నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు.

ఒక్క మాట మాత్రం ఎంతకీ వచ్చేది కాదు. పీర్. 'ప' దగ్గర అతని నోరు బిగుసుకుపోయేది. బతికున్నన్నాళ్లూ స్నేహితుణ్ణి బావా అనే పిలిచాడు. సభలో బావ అంటే సరిపోదు. పేరు చెప్పాలి.

గురువారం శ్రీనివాసరావు ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కామరాజుతో కాక మహేశ్వరితో మాట్లాడాడు. అందరికీ అదే అలవాటు. "చూడమ్మా, మేనేజరు గారు వస్తున్నారు. కామరాజు ఎందుకు ఇబ్బంది పడటం? అతని తరఫున నేనే నాలుగు మంచి మాటలు చెప్పేస్తాను. ఏమంటావు?"

మహేశ్వరికి ఆ 'నాలుగు మంచి మాటలు' మీద అనుమానం వచ్చింది. కంపెనీ వాళ్లు ఇతని చెవిలో ఏదో ఊది ఉంటారు. పాత వైరు మార్చలేదన్న సంగతి బయటికి రాకూడదని కాబోలు. అంతలోనే భయమూ వేసింది. ఉద్యోగం పోతే? ధనశ్రీ చదువు? సరేనండీ అనడం ఎంత తేలిక! ఇన్నేళ్లుగా చేస్తున్న పనే.

"నన్నడుగుతారేటండీ? మాటాడీది ఆయన. ఆయన్నే అడగండి" అంది.

శ్రీనివాసరావు బలవంతాన కామరాజు వైపు తిరిగాడు. కామరాజు తడబడ్డాడు. మహేశ్వరి పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. గడియారం టిక్కుటిక్కుమంది.

"నా... నానే సెప్తాను" అన్నాడు కామరాజు.

సభ రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో సుల్తానా, షిరీన్, వాళ్ల పక్కన మహేశ్వరి. వేదిక మీద మేనేజరు, అధికారులు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. కామరాజు వంతు ఎగరగొట్టేస్తారేమోనని మహేశ్వరి శ్రీనివాసరావు చేతుల వైపే చూస్తూ కూర్చుంది. చివరికి అతను ఇష్టం లేనట్టుగా పేరు పిలిచాడు.

కామరాజు మైకు ముందు నిలబడ్డాడు. కళ్లు జనంలో వెతికాయి. మహేశ్వరి దగ్గర ఆగాయి.

"అందరికీ న... నమస్కారం. మా..."

నోరు బిగుసుకుపోయింది.

"ప్... ప్..."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. శ్రీనివాసరావు మైకు వైపు వంగాడు. హాలులో అందరికీ తెలిసిన పేరు. మహేశ్వరి గొంతులోకి అది వచ్చేసింది. ఒక్క కేక వేస్తే అతనికి ఈ నరకం తప్పుతుంది. ఆమె కొంగు గుప్పెట్లో నలిపేసింది. కళ్ల నీళ్లు కారుతున్నా చూపు తిప్పుకోలేదు. ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు తల ఊపింది.

కామరాజు శ్రీనివాసరావుని చేత్తో ఆపాడు. ఊపిరి వదిలాడు.

"పీర్ మహమ్మద్" అన్నాడు. "మా పీర్ మహమ్మద్ తప్పు సెయ్యనేదు."

నవ్వినవాళ్లు నవ్వు మానేశారు. అతను చెప్పుకుపోయాడు. పాతబడి పోగులు లేచిన వైరు గురించి, మార్చమని పీర్ చెప్పినా వినకపోవడం గురించి, కింద నిలబడ్డ కూలీ గురించి, పీర్ పరుగు గురించి. ఎన్నోసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ హాలంతా అతని కోసం ఆగింది. మేనేజరు మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. రేపు ఏమవుతుందో తెలియదు. షిరీన్ మాత్రం తల ఎత్తుకుని కూర్చుంది. సుల్తానా దుపట్టాలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సభ అయ్యాక మొగుడూ పెళ్లాం బస్టాపులో నిలబడ్డారు. హార్బరు వైపు నుంచి ఉప్పుగాలి వీస్తోంది. కామరాజు చొక్కా వీపంతా తడిసిపోయింది.

"పీర్‌ని నాను మొ... మొదట సూసిన రోజు..." అని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథ ఆమె ఎప్పుడూ వినలేదు. అడగనూ లేదు.

కంచరపాలెం బస్సు వచ్చి ఆగింది. కామరాజు మాట మింగి అటు కదలబోయాడు. మహేశ్వరి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకో బస్సు వత్తాది మావా. నువ్వు సెప్పు."