కమ్లీకి వచ్చినవి రెండు పాఠాలే

జనగామ బస్టాండు. పొద్దున పదిన్నర. ఆటోల హారన్ల మోతలో సైలెన్సర్ పిస్టల్ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. ఏజెంట్ దుర్గయ్య నుదుట్లో బుల్లెట్ దిగింది. బెంచీ మీదే వెనక్కి వాలిపోయాడు. శత్రువు కనబడ్డాక మూడు నిమిషాలు టైముంది అతనికి. ఆ మూడు నిమిషాలూ ఫోన్లో ఏది ఎక్కడ రాయాలో వెతుక్కుంటూ కూర్చున్నాడు, పాపం!

"ఎనభై పేజీల మాన్యువల్ ఇచ్చి ఒక్కరోజుల నేర్చుకొమ్మన్నం. గదే సంపింది ఆయనను," అన్నాడు చీఫ్ సోమేశ్వర్. బయటికి ఆయనది విత్తనాల దుకాణం. మక్కల బస్తాల వెనుక సీక్రెట్ సర్వీస్ ఆఫీసు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అమర్‌సింగ్ పళ్లు పటపట కొరికాడు. గంగారం తండా మనిషి. దుర్గయ్య అతనికి ప్రాణస్నేహితుడు.

బ్రీఫింగ్ మొదలైంది. 2011 అక్టోబరు. తెలంగాణ కోసం సమ్మె ఊపందుకుంది. రైలు పట్టాల మీద కూర్చున్న జనం మధ్య బాంబు పేల్చాలని 'నార్త్ డాక్' అనే విదేశీ ఆయుధాల ముఠా ప్లాను. ఊళ్లు తగలబడితే వాళ్ల తుపాకులకు గిరాకీ. భూపాలపల్లి దగ్గరి క్వారీలో డిటోనేటర్లు మాయమయ్యాయి. పేల్చేది ఏ స్టేషన్లోనో తెలియదు.

కనిపెట్టడానికి ఉన్న ఆయుధం 'పట్టీ'. ఏ డొక్కు ఫోన్లోనైనా తెరుచుకునే ఉత్త టెక్స్ట్ ఫైలు. చేయాల్సిన పనులు అందులో రాస్తే ఏజెంట్లందరికీ కనిపిస్తాయి. ఎవరికెట్లా కావాలంటే అట్లా మలుచుకోవచ్చు. కొత్తవాళ్లకు తిప్పలు కూడా అక్కడే.

"మానుకోట స్టేషన్ల కమ్లీ అని, జామపండ్లు అమ్ముతది. ఆమెకు నువ్వు నేర్పు. జర నిమ్మళంగ," అన్నాడు చీఫ్.

పట్టీ వాడకం మీద మాన్యువల్ రాసిన మనోరమ పక్కనే ఉంది. నల్ల కళ్లద్దాలు, లిప్‌స్టిక్‌లో కెమెరా, మనిషి వెళ్లిపోయినా గదిలో ఉండిపోయే సెంటు. "తారీఖులు, గుర్తులు, గ్రేడులు అన్నీ రాకపోతే పట్టీ దండగ, అమర్," అంటూ నవ్వింది.

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారు. ఆ ప్లాట్‌ఫాం మీదికి అమర్‌సింగ్ పల్లీలమ్మేవాడి వేషంలో దిగాడు.

"జామ దోరగుందా?"

"ఉప్పు నీ దగ్గరుందా?"

కోడ్ కలిసింది. అమర్ ఫోను చూపించాడు. "ఇయ్యాల ఒక్కటే పాఠం, చెల్లే. ఈ నక్షత్రం గుర్తు పెట్టు, పక్కన పని రాయి."

"గంతేనా అన్నా?"

"గంతే. రెండ్రోజులు గదే రాయి."

మూడోనాడు రెండో పాఠం: పని ముగిసినంక పక్కన 'అయింది' అని రాయడం. "తారీఖు ఎట్ల పెట్టాలె?" అని కమ్లీ అడిగింది. "నీకు అక్కరపడ్డనాడు చెప్త," అన్నాడు.

ఐదోనాడు అమర్ క్వారీలో ఇద్దరు ముఠావాళ్లను పట్టుకున్నాడు. ఒకడి దవడ పగిలింది. రెండోవాడు గుంతలో పడి, నెత్తురు కక్కుతూ "ఇయ్యాలనే... పన్నెండుకు..." అని ప్రాణం వదిలాడు. ఏ స్టేషనో చెప్పలేదు. కమ్లీ ఏమన్నా పసిగట్టిందేమోనని అమర్ జీపును మానుకోట వైపు దూకించాడు.

నర్సంపేట దాటగానే పట్టీలో కమ్లీ ఫోను నుంచి కొత్త లైను పడింది. నక్షత్రం, 'ఏ' గ్రేడు, తారీఖు, గంట, 'జనగామ స్టేషన్‌లో బాంబు', చివర 'అర్జెంట్' గుర్తు. వెంటనే చీఫ్ ఫోను.

"ఫోర్సునంత జనగామకు పిలుస్తున్న. నువ్వు గూడ రా!"

"ఆగుండ్రి సార్! గిది కమ్లీ రాయలె. ఆమెకు రెండు పాఠాలే చెప్పిన. గివన్నీ రాసేది మన దగ్గర ఒక్కరే."

అవతల చీఫ్ అరిచాడు. "మనోరమ!"

ఔను, ఎనభై పేజీలు రాసిన చేతికి కొత్తదానిలా రాయడం చేతకాలేదు. దుర్గయ్యను తికమక పెట్టడానికే అంత లావు మాన్యువల్ రాసిందన్నమాట! అందరినీ జనగామకు తోలుతోందంటే బాంబు మానుకోటలోనే ఉండాలి. కమ్లీ ఫోను ఆమె చేతిలో ఉందంటే, కమ్లీ ఇంకా బతికుందా?

పదకొండు యాభై ఐదు. మానుకోటలో పట్టాల మీద రెండొందల మంది. పిల్లాజెల్లాతో వంటా-వార్పు. పొయ్యిలు రాజుకుంటున్నాయి. డప్పుల మోతలో పక్కవాడి మాట కూడా వినబడదు.

పల్లీల గంపతో జీపు దిగిన అమర్ కంటికి పార్సెల్ గది ముందు చెల్లాచెదురైన జామకాయలు కనిపించాయి. తలుపు తన్నాడు. పల్లీల గంప అడుగున పిస్టల్ పేలింది. లోపల కాపలా ఉన్న ఇద్దరిలో మొదటివాడి గొంతులో గుండు దిగింది. రెండోవాడి కత్తి అమర్ భుజంలో దిగబడింది. వాడి తలను తూకం రాయితో పగలగొట్టాడు. మూలన కమ్లీ, చేతులు కట్టేసి ఉన్నాయి, మూతి నిండా నెత్తురు.

కమ్లీ పక్కనే నిలబడ్డ మనోరమ ఫోన్లో బటన్ నొక్కింది. ఏమీ పేలలేదు. అమర్ నడుముకున్న, ఫోన్ సిగ్నల్ ఆపే జామర్ మిణుకుమంటోంది.

"దానికి గడియారం కూడా ఉంది, డార్లింగ్," అంటూ పిస్టల్ ఎత్తింది. కమ్లీ లేచి తలతో ఆమె కడుపులో పొడిచింది. మనోరమ పేల్చిన గుండు పైకప్పుకు తగిలింది. అమర్ పేల్చిన గుండు ఆమె నుదుటికి తగిలింది.

"బాంబు యాడ, చెల్లే?" అంటూ అక్కడే పడున్న కమ్లీ జామకాయల కత్తితో కట్లు కోశాడు.

"నూనె డబ్బాల! వంటకాడ!"

ఇద్దరూ పరుగెత్తారు. వంట చేస్తున్న ముసలమ్మ తుల్సీబాయి అప్పుడే డబ్బా ఎత్తి కడాయిలో వంచబోతోంది. అమర్ లాక్కుని బోర్లించాడు. నూనెతోపాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టె జారింది. దాని మీది గడియారంలో నాలుగు... మూడు... ఏ తీగ తెంపాలా అని అతను చూస్తుండగానే కమ్లీ చేతిలో ఉన్న ఆ జామకాయల కత్తితోనే తీగల గుత్తంతా తెగ్గోసింది. అంకె ఒకటి మీద ఆగింది.

అమర్ కమ్లీని గట్టిగా దగ్గరికి తీసుకున్నాడు. కళ్లనీళ్లు ఆగలేదు. దుర్గయ్యను కాపాడుకోలేకపోయాడు, ఈమె దక్కింది.

"ఓ పిలగా!" తుల్సీబాయి గరిటె ఎత్తింది. "రెండొందల మంది ఆకలిగున్నరు. నూనెంత పట్టాల పాలు జేస్తివి! ఏడుస్తే అయితదా? పో, కొనుక్కరాపో!"

జనానికి సంగతి తెలియకూడదని చీఫ్ ఆర్డరు. "అట్లనే అవ్వా," అని అమర్ పెట్టెను పల్లీల కింద దాచి, భుజానికి తువ్వాల చుట్టుకుని బజారు దారి పట్టాడు. బాంబును దొరకబట్టడం ఎంత సులువో, బంద్ రోజున మానుకోటలో నూనె డబ్బా వెతికేటప్పుడు గానీ అతనికి తెలిసిరాలేదు.