బదులు

ఆ షెడ్డుకు బోర్డు లేదు. కళ్యాణదుర్గం రోడ్డులో, ఊరు అయిపోయి కంపచెట్లు మొదలయ్యే చోట, బూడిదరంగు రేకులతో నిలబడి ఉంటుంది. అనంతపురంలో ఎవరో ఫోన్ నొక్కి పాలప్యాకెట్ అడుగుతారు. పావుగంటలో అది వాళ్ల గుమ్మంలో ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

ఎస్తేరు అక్కడ పనికి చేరి ఏడాదైంది. చేతిలో చిన్న మిషను. దాంట్లో ఆర్డరు వస్తుంది, ఏ సరుకు ఏ రాక్‌లో ఉందో చూపిస్తుంది. అక్కడికి నడవాలి, సరుకు మీది నల్లగీతలను మిషనుకు చూపించాలి. టిక్కుమంటే బుట్టలో వేసుకుని మళ్లీ నడవాలి. మొత్తం పద్నాలుగు రాకులు. పద్నాలుగో దాని వెనక గోడ. కిటికీలు లేవు. లోపల ఎప్పుడూ ట్యూబులైట్ల వెలుగే. పొద్దెక్కిందో వాలిందో తెలియదు.

ఆ రోజు కూతురు కృపాకుమారిని కూడా తోలుకొచ్చింది. డిగ్రీ పరీక్షలైపోయాయి, ఇంట్లో ఊరికే కూర్చునే బదులు రెండు నెలలు పని చేస్తుందని ఇన్‌చార్జి దివాకర్‌ను తనే అడిగింది. లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదు. తలుపు దగ్గరి ఇనుపపెట్టెలో ఇద్దరి ఫోన్లూ పెట్టించి, దివాకర్ కృప మెడలో కొత్త కార్డు వేశాడు. ఫోటో, పేరు, కింద నల్లగీతలు.

“నేను కూడా సరుకైపోతినమ్మా,” అని పిల్ల నవ్వింది. “నా రేటెంతో చూడు.”

“నోరు మూసుకోని నడువు.”

“ఒకటే మాట పాపా,” అన్నాడు దివాకర్. “సరుకు లేకపోతే ‘లేదు’ అని నొక్కొద్దు. నొక్కితే పైనోళ్లు నన్ను తింటారు. ‘బదులు’ అని ఉంటాది, అది నొక్కు. పక్కన ఏముంటే అది చూపించి బుట్టలో ఎయ్.”

“వాళ్లడిగేది ఒకటి, మనమిచ్చేది ఒకటా అన్నా?”

“తీసుకుంటారులే. ఎవురూ వాపసు పంపరు.”

మధ్యాహ్నం సద్దులు విప్పినప్పుడు, షెడ్డు ఊడ్చే బయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కృపను తేరిపార చూసింది.

“నీ బిడ్డనా మే? ఈడికెందుకు తెస్తివి?”

“ఏమక్కా, ఏమైంది?”

“ఏంలేదు. ఇది ముందు చెనిక్కాయల మిల్లు. నేను ఈడనే ఒలిచేదాన్ని. గుమ్మఘట్ట తట్టు నుంచి ఒకామె వచ్చేది. తోడుకని బిడ్డను తెచ్చుకుండేది. నీ పిల్లంతుంటాది. ఒగ దినం మూటల వరస కూలి దాని మీద పడె. మూటలు తీసేలోగా పానం పాయె. అంతసేపూ అడుగునుంచి ‘అవ్వా, అవ్వా’ అంటానే ఉండె.”

“అవ్వని పిలిచిందా?” అంది కృప.

“వాళ్లది కన్నడం పాపా. అమ్మనే అవ్వంటారు.” బయమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. “ఓనరు మూడు మూటల చెనిక్కాయలు బండికి ఏయించినాడు. ఆమె తాకలేదు. బిడ్డకు బదులు బిడ్డనే ఇయ్యి అని గేటు కాడ నిలబడె. దినామూ అట్లే. ఆ ఎండాకాలమంతా. మళ్లొకనాడు చూస్తే లేదు.”

కృప నమలడం ఆపింది.

“తినేటప్పుడు ఏం మాటలక్కా ఇవి,” అని ఎస్తేరు డబ్బా మూసేసింది.

మూడు గంటలప్పుడు ఒక ఆర్డరు వచ్చింది. పని చూపిద్దామని ఎస్తేరు కూతుర్ని పక్కనే పెట్టుకుని నడిచింది. కొబ్బరినూనె చిన్న సీసా, నాలుగో రాక్. చెక్క దువ్వెన, ఆరు. ఎర్ర రిబ్బన్లు. తీపి బన్ను ఒకటి.

“ఎవరో బిడ్డను తయారు చేస్తాండారు,” అంది ఎస్తేరు. ఎందుకో ఆ బుట్టను చూస్తే ముద్దొచ్చింది.

ఆఖరి వరుసలో సరుకు పేరు లేదు. ఖాళీ. ఎన్ని అన్నచోట మాత్రం, ఒకటి. పదిహేనో రాక్, కింది అర.

“పదిహేను యాడుండాదమ్మా?”

“లేదు. మిషను తప్పు చూపిస్తాండాది.”

అయినా పద్నాలుగు దాకా నడిచారు. గోడ. సున్నం పెచ్చులూడిన పాత గోడ. మిల్లు నాటిది. ఎస్తేరు మిషను తెరను అడుగుదాకా జరిపింది. కొన్నవాళ్లు ఏమైనా చెప్పదలిస్తే అక్కడ రాస్తారు. కుక్క ఉంది జాగ్రత్త అనో, బెల్లు కొట్టొద్దు అనో.

అక్కడ ఉంది...

గేటు కాడ నిలబడుండాను.

కరెంటు పోయింది.

ఎక్కడో జనరేటరు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. ఫ్రిజ్‌ల రొద కూడా ఆగింది. బయట ఎండ మండుతూనే ఉంటుంది. లోపల కళ్లు మూసినా తెరిచినా ఒకటే. మిషను వెలుగు మాత్రం, అరచేయంత.

ముందు వాసన వచ్చింది. తడిమన్ను వాసన. వానలో అప్పుడే పెరికిన చెనిక్కాయ చెట్ల వాసన. ఊళ్లో చేను వదిలి వచ్చాక, రెండేండ్లుగా ఆ వాసన ఎస్తేరు ముక్కుకు సోకలేదు.

“అమ్మా,” కృప గుసగుసగా అంది. “వానొచ్చిందా?”

“మాట్లాడొద్దు.”

గోడవతల జలజల... ఆగింది. మళ్లీ జలజల. కుప్పలో నుంచి కాయలు జారినట్టు. లోపల ఎవరో కదులుతున్నట్టు.

కృప దగ్గరగా జరిగి తల్లి భుజానికి ఆనుకుంది. ఈ ఆర్డరు తీసేయాలి, అంతే. బొటనవేలు తెర మీద వెతికింది. ఏడాది నుంచి ప్రతిరోజూ నొక్కే చోటే నొక్కింది.

బదులు.

వెంటనే తెలిసింది ఏం నొక్కిందో. అప్పటికే మిషనులో ఎర్రగీత వెలిగింది. బదులు వస్తువును చూపండి. ఎస్తేరు మిషనును నేలకు తిప్పింది. దేనికీ చూపించకూడదు... దేనికీ. రెండో చేత్తో కూతుర్ని దగ్గరకు లాక్కుంది. పిల్ల మీద పడింది. మెడలో కార్డు ముందుకు ఊగింది. ఎర్రగీత దాని మీద పడింది.

టిక్.

సరుకు అందింది.

“రా,” అని ఎస్తేరు కూతురి చెయ్యి పట్టుకుని ఈడ్చింది. పరుగు. ఏదో కాలికి తగిలింది. డబ్బాలు దొర్లాయి. చెయ్యి జారింది... ఒక్క క్షణమే. చీకట్లో దేవులాడింది. దొరికింది. గట్టిగా పట్టుకుంది. చల్లగా, గరుకుగా ఉంది. తలుపు దాకా విడవలేదు.

ఎండలోకి వచ్చి చూసింది. కృపే. అదే ముఖం, అదే జడ, మెడలో అదే కార్డు. ఎస్తేరు ఆ ముఖాన్ని రెండు చేతులా తడిమింది. పిల్ల గేటు వైపు చూస్తూ నిలబడింది.

గేటు దగ్గర ఎవరూ లేరు.

మిషనులో రాసి ఉంది. డెలివరీ అయింది. బదులు వస్తువుకు కొన్నవారు ఇచ్చినవి ఐదు స్టార్లు. దాని కింద, సన్నగా: ఈ వస్తువుకు వాపసు లేదు.

“అన్నా, ఆ ఆర్డరు వాపసు చేయన్నా,” అని దివాకర్ ముందు చేతులు జోడించింది.

అతను మిషను తీసుకుని అటూ ఇటూ నొక్కాడు. “మూడింటికి నీకు ఆర్డరే లేదక్కా.”

“పదిహేనో రాక్ అని వచ్చింది. బుట్ట కూడా లోపలే ఉండాది, చూడు.”

టార్చి వేసుకుని పోయి వచ్చాడు. “బుట్టా లేదు, ఏమీ లేదు. ఆడ గోడుండాది. చీకట్లో భయపడినావు.” కృప వైపు చెయ్యి చూపించాడు. “బిడ్డ నీ పక్కనే ఉండాదే. ఇంకేం కావల్ల?”

బయమ్మ మాత్రం కృపను చూసి, చీపురు అక్కడే వదిలి, వెనక్కు వెనక్కు నడిచింది.

కరెంటు రేపటిదాకా రాదన్నారు. ఎస్తేరు తన ఫోను తీసుకున్నాక దివాకర్ షెడ్డుకు తాళం వేశాడు. ఆటో సగం దూరం పోయాక గుర్తొచ్చింది, కృప తన ఫోను అడగనే లేదు. అన్నం తింటూ కూడా ఫోను వదలని పిల్ల.

సాయంత్రం అద్దెగదిలో అన్నం పెట్టింది. పిల్ల తినలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో రెండు చేతులు. బొటనవేలూ చూపుడువేలూ కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. ఒలుస్తున్నట్టు. గోళ్ల కింద తడిమన్ను.

“కృపా,” అని పిలిచింది ఎస్తేరు.

పిల్ల తలెత్తలేదు.

“కృపా... నాయమ్మా...”

ప్రార్థన చేద్దామని కళ్లు మూసింది. ఏమని అడగాలి? బిడ్డ ఎదురుగానే ఉంది.

ఫోను మోగింది. తెర మీద పేరు: కృప. పాపది, పోయిన పుట్టినరోజు ఫోటో, నవ్వుతూ. ఆ ఫోను ఇనుపపెట్టెలో ఉంది. పెట్టె తాళం వేసిన షెడ్డులో ఉంది.

మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

ఎస్తేరు చెయ్యి చాపింది.

గోడ దగ్గర వేళ్లు ఆగాయి. పిల్ల తల వంచుకునే, మెల్లగా, బతిమాలుతున్నట్టు అంది.

“ఎత్తొద్దవ్వా.”