రేపు మబ్బుల

మూసారాంబాగ్ బ్రిడ్జి మీద శవం. పది గజాల అవతల బోర్లా పడ్డ బుల్లెట్ బండి. రోడ్డుకి అడ్డంగా పసుప్పచ్చ నైలాన్ తాడు.

ఇన్‌స్పెక్టర్ బాలనర్సయ్య వచ్చేసరికి బాగా తెల్లారింది. సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. ఆ రోజు బంద్ కూడా, ఆటోలూ లేవు. అయినా బ్రిడ్జి నిండా జనమే. శవం చుట్టూ గుమిగూడ్డానికి మనవాళ్ళకి ఏ బంద్ అడ్డొచ్చింది కనక!

పోయినవాడి పేరు నరేష్‌కుమార్. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల షాపు. హెల్మెట్ తలమీదే ఉంది. మెడ విరిగింది.

బాలనర్సయ్య తాడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక కొస రెయిలింగ్‌కి గట్టిగా ముడేసి ఉంది. రెండో కొస అవతలి లైటు స్తంభానికి ఒక్క చుట్టు తిరిగి వదులుగా పడి ఉంది.

"అంతయ్యా, గిటు దిక్కు ముడి లేదు జూడు."

హెడ్ కానిస్టేబుల్ అంతయ్య వంగి చూశాడు. "అవు సార్. చేత్తోని పట్టుకొని గుంజినట్టున్నడు."

"అంటె తాడు రోడ్డు మీదనే పడున్నది. పాలబండ్లు, పేపరోళ్ళు దాని మీదికెళ్ళే పోయిన్రు. ఈయన బండి రాంగనే లేపిండు."

"ఈయన కోసమే కాపు గాసిండా సార్?"

"ఈయన ఒస్తడని తెలిసినోడు."

తాడెక్కడిదో కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. బ్రిడ్జి దగ్గరి రిలే దీక్షల టెంటుది. ఆ టెంటు నడిపేది మెకానిక్ లచ్చయ్య. ముందురోజే నడిబజార్లో నరేష్‌తో గొడవపడ్డాడు. 'ఊరంత సమ్మె జేస్తుంటె నీకు థాయ్‌లాండ్ షికారు కావాల్నా? నీ బండి ఇరగ్గొడ్త' అన్నాడట. విన్నవాళ్ళు పదిమంది.

మధ్యాహ్నానికల్లా లచ్చయ్య లాకప్‌లో ఉన్నాడు. ఏసీపీ ఫోన్ చేశాడు.

"రేపు పదకొండు గంటలకి కోర్టులో పెట్టు. మర్డర్. కేస్ క్లోజ్."

"సార్, ఇంకా ఎంక్వైరీ..."

"తాడు వాడిది. బెదిరించింది వాడు. ఇంకేం కావాలయ్యా నీకు?"

బాలనర్సయ్యకి ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి లాకప్ దగ్గరికి వెళ్ళాడు.

"నరేష్ తెల్లారకముందే బ్రిడ్జి మీదికి ఒస్తడని నీకు తెల్సా?"

"తెల్సు సార్. నాకు చెప్పిండు. 'రేపు మబ్బుల ట్రయల్ పోతున్న, బ్రేకులు జూడు లచ్చన్నా' అన్నడు. తిట్టుకుంటనే చూసిన. తిట్టినంత మాత్రాన చంపుతమా సార్?"

నిజం చెప్పి నెత్తి మీదికి తెచ్చుకోవడమంటే ఇదే. లేదని అబద్ధం చెప్పి ఉంటే వాడికే మంచిదయ్యేది.

స్టేషన్ మెట్ల మీద లచ్చయ్య పెళ్ళాం పెంటమ్మ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ని చూసి లేచింది.

"నా మొగనికి నోరే కారం సారూ, చెయ్యి మెత్తన. నలుగురు పిల్లలున్నరు. లోపలేస్తె మేమేం గావాలె?"

"ఇంటికి పో అక్కా."

"ఆయనొస్తెనే పోత."

మళ్ళీ కూర్చుంది. బాలనర్సయ్య ఆమె పక్కనుంచి తలొంచుకుని దిగిపోయాడు.

*

నరేష్ ఫోన్‌లో ముందురోజు సాయంత్రం పంపిన మెసేజ్ దొరికింది. ఒకే మెసేజ్, ముగ్గురికి. 'రేపు మబ్బుల బ్రిడ్జి కాడ కలుద్దం. సాగర్ రోడ్డు ట్రయల్. తప్పకుంట రావాలె.'

ఆ ముగ్గురిలో ఇద్దరూ, నరేషూ కలిసి జనవరిలో థాయ్‌లాండ్ వెళ్ళాలనుకున్నారు. ఉత్తరాన కొండల్లో పదిహేను రోజుల బైక్ టూర్. బండ్లు అక్కడే కిరాయికి. సాగర్ రోడ్డు మీద ట్రయల్ దానికి ప్రాక్టీసు. ఏజెంటు ఎందుకు, మనమే పోదామని మొదట నరేష్ పట్టుబట్టాడు. భాష రాని చోట బండి చెడిపోతే ఎవడు దిక్కని మిగతా ఇద్దరూ భయపడ్డారు. చివరికి ఎల్బీనగర్‌లో ట్రావెల్స్ ఆఫీసు నడిపే విశ్వేశ్వరరావుకి అప్పగించారు. మెసేజ్ వెళ్ళిన ముగ్గురిలో ఆయనొకడు. అందరి పాస్‌పోర్టులూ ఆయన దగ్గరే ఉన్నాయి, వీసాల కోసం.

విశ్వేశ్వరరావుది తెనాలి. నిండా అరవై ఏళ్ళు. గోడ మీది థాయ్‌లాండ్ మ్యాప్ కింద దిగాలుగా కూర్చున్నాడు.

"మెసేజ్ చూశారా?"

"చూశానండీ. మబ్బులేంటో, బ్రిడ్జేంటో! కుర్రాడు కవిత్వం మొదలెట్టాడేమో అనుకున్నా. ఫోన్ చేస్తే తియ్యలేదు. అయినా ట్రయల్‌తో నాకేం పనండీ, టూర్లో నేను జీపులో వెనకాల వచ్చేవాణ్ణి. బంగారంలాంటి పిల్లాడండీ. అన్యాయంగా చంపేశారు."

బాలనర్సయ్య పాస్‌పోర్టులు సీజ్ చేశాడు. అక్కడినుంచి మన్సూరాబాద్. మెసేజ్ అందుకున్న రెండో మనిషి తన్మయి, పళ్ళ డాక్టరు. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"మబ్బు పడితేనే వెళ్దామంటున్నాడేమో అనుకున్నా సార్. ఎండ ఉండదు కదా అని. నాగార్జున గారికి ఫోన్ చేసి అడిగా. అవును, మబ్బులుంటేనే, రేపెలాగూ మబ్బులుండవు, హాయిగా పడుకో అన్నారు. పడుకున్నా. నేనూ వెళ్ళుంటే బతికేవాడేమో."

మూడోవాడు ఆ నాగార్జునే. ఊరు ఏలూరు. దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్లో పదేళ్ళుగా ఫిజిక్స్ లెక్చరర్. బంద్ కాబట్టి షట్టర్ సగం దించి లోపల క్లాసు నడుపుతున్నాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని డిక్టేట్ చేస్తుంటే, బోర్డు మీద ఒక అమ్మాయి లెక్క వేస్తోంది.

"స్నేహితుడు పోయిన రోజు గూడ క్లాసా?"

"సమ్మెతో సిలబస్ వెనకబడింది సార్. పిల్లలేం పాపం చేశారు?"

"మెసేజ్ అర్థమైందా మీకు?"

"మబ్బులంటే మేఘాలే కదా సార్. ఆకాశం శుభ్రంగా ఉంది. అందుకే కదల్లేదు. ఇంట్లో నిద్రపోతున్నాను."

బాలనర్సయ్య బయటికొచ్చి జీపెక్కాడు. 

తెలంగాణ ఇళ్ళల్లో 'మబ్బుల' అంటే ఆకాశంలో మేఘాలు కావు. ఇంకా చీకటి ఉండగానే, తెల్లారకముందు. మబ్బుల లేస్తారు, మబ్బుల వాకిలి ఊడుస్తారు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళకి మబ్బంటే వానమబ్బే. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో ఉంటూ ఒకే మాటని చెరో రకంగా వింటున్నారు.

"సార్," అన్నాడు అంతయ్య మెల్లగా. "ముగ్గురికీ అర్థం గాలే. నరేష్ ఎప్పుడొస్తడో తెల్సినోడు లచ్చయ్య ఒక్కడే. ఏసీపీ సారు మాటే నిజమైతున్నది."

"నోర్ముయ్ అంతయ్యా."

తిట్టాడే గాని, అంతయ్య లెక్క సరిగానే ఉంది. సొంత భాషే లచ్చయ్యకి ఉరితాడయ్యేట్టుంది.

*

సాయంత్రం నరేష్ ఇంటికి వెళ్ళాడు. నరేష్ భార్య ఇందు గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన అత్త కౌసల్య. కొడుకు చొక్కా చేతిలో పట్టుకుని నలుపుతోంది.

"నీ పెనిమిటికి ఎవరితోనన్న పగుందా బిడ్డా?"

"లేదు సార్. కని రెండు నెల్ల సంది నిద్ర లేదు ఆయనకి. సాగర్ రోడ్డుల ట్రయల్ పోయొచ్చిన్నాటి సంది. మబ్బులనే లేచి కూసుంటుండె. ఏమైందంటె చెప్పకపోతుండె. 'దేశం దాటేముందు ఒక బరువు దింపాలె ఇందూ' అంటుండె."

"ఆ ట్రయల్‌కు ఎవరెవరు పోయిన్రు?"

"ఈయన, డాక్టరమ్మ, నాగార్జున సారు."

స్టేషన్‌కి వచ్చి సాగర్ రోడ్డు యాక్సిడెంట్ కేసులు వాకబు చేశాడు. రెండు నెలల కింద, వాళ్ళు ట్రయల్‌కి పోయిన రోజే. కిష్టమ్మ అనే ముసలామె పాలచెంబుతో రోడ్డు దాటుతుంటే ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. ఇంకా చీకటిగా ఉన్న వేళ. సాక్షుల్లేరు. ముసలామె రోడ్డు పక్కనే ప్రాణం వదిలింది.

బాలనర్సయ్య లాకప్ ముందు నిలబడ్డాడు. "లచ్చయ్యా, ఆ రోజుల్ల ఎవరి బండికన్న మడ్‌గార్డు మార్చినవా?"

"నాగార్జున సారుది మార్చిన సార్. కుక్క అడ్డమొచ్చింది అన్నడు. నరేషన్న పక్కనే ఉన్నడు, ఒక్క మాట మాట్లాడలే."

కారణం దొరికింది. కానీ కోర్టులో కారణం ఒక్కటే చెల్లదు. నాగార్జున ఇంట్లో నిద్రపోతున్నానంటాడు. మబ్బులంటే మేఘాలంటాడు. కాదని రుజువేది?

బాలనర్సయ్య ఫోన్ తీశాడు. ముగ్గురికీ ఒకే మాట చెప్పాడు.

"మీ పాస్‌పోర్టులతో మాకు పని లేదు. రేపు మబ్బుల స్టేషన్‌కు ఒచ్చి సంతకం పెట్టి తీస్కపోండి. తర్వాత నేను బందోబస్తుకు పోత, మళ్ళ వారం దాకా దొరక."

విశ్వేశ్వరరావు లబోదిబోమన్నాడు. "మళ్ళీ మబ్బులేంటి బాబూ! ఎన్ని గంటలకో చెప్పండి."

తన్మయి సందేహంగా అడిగింది. "మబ్బు పట్టకపోతే ఇవ్వరా సార్?"

ఇద్దరినీ పది గంటలకి రమ్మన్నాడు.

నాగార్జున మాత్రం ఏమీ అడగలేదు. "థాంక్యూ సార్, వస్తాను," అన్నాడు. అంతే. భయంతో ఉన్నవాడి చెవికి పాస్‌పోర్టన్న మాట ఒక్కటే వినపడుతుంది, మిగతాది అలవాటుగా దిగిపోతుంది.

*

చీకటి ఇంకా పోలేదు. మెట్ల మీద పెంటమ్మ కొంగు కప్పుకుని అలాగే కూర్చుని ఉంది. గేటు ముందు బైకు ఆగింది. నాగార్జున హెల్మెట్ తీసి లోపలికి వచ్చాడు. చేతులకి రైడింగ్ గ్లవ్స్.

బాలనర్సయ్య టేబుల్ మీద పాస్‌పోర్టు పెట్టాడు. పెన్ను ఇచ్చాడు.

"గ్లవ్ తీసి సంతకం పెట్టు సారూ."

"పర్లేదండీ, ఇలాగే..."

"తీయమన్న."

నాగార్జున తీశాడు. కుడి అరచేతికి అడ్డంగా ఎర్రగా చర్మం లేచిపోయి ఉంది.

"బండి చైన్ బిగిస్తుంటే గీరుకుంది సార్."

"చైన్ గీరితె నల్లగ, వంకర టింకరగ ఉంటది. ఇది తాడు ఒరిపిడి. పరుగుల మీదున్న బుల్లెట్ ఒచ్చి తగిలితె స్తంభానికి చుట్టినా చెయ్యి కొయ్యకుంట పోదు. నిన్న చాక్‌పీస్ ముట్టకుంట లెక్క చెప్పినప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలే, నా బుద్ధి గడ్డి తిన్నది."

నాగార్జున గుప్పిలి మూసుకున్నాడు.

"ఇంకో ముచ్చట. ఇంత చీకట్ల ఎందుకొచ్చినవ్?"

"మీరే కదా రమ్మన్నారు!"

"నేను మబ్బుల రమ్మన్న. మబ్బులంటె మేఘాలంటివి గద నిన్న."

నాగార్జున గ్లవ్ మళ్ళీ తొడుక్కోబోయాడు. "ఆ తర్వాత ఎవరో చెప్పారు..."

"ఎవరో చెప్పుడేంది, నువ్వే పదేండ్ల సంది చెప్తున్నవ్. బోర్డు మీద లెక్క జేసిన పిల్లది సూర్యాపేట. నిన్న రాత్రి ఫోన్ జేసి అడిగిన. 'మబ్బుల లేచి చదివితెనే ఫిజిక్స్ తలకెక్కుతది' అని మా సారు రోజూ అంటడన్నది. నీకు మెసేజ్ అర్థమైంది. డాక్టరమ్మకు కాలేదని ఆమె ఫోన్‌తోని తెల్సింది. మేఘాలే అని ఆమెను ఇంట్లనే పండవెట్టినవ్. నరేష్ ఒంటరిగ దొరికిండు. టెంటు తాడు కోసుకొస్తె పాపం లచ్చయ్య మీదికి పోతదనీ తెల్సు నీకు."

నాగార్జున కుర్చీలో కూలబడ్డాడు. 

"ఆ ముసలామె ఎక్కణ్ణించి వచ్చిందో నాకు కనపడలేదు సార్. తన్మయి ముందు వెళ్ళిపోయింది, ఆమెకి తెలియదు. ఆగుదామన్నాడు నరేష్. నేనే ఆగలేదు. కేసైతే ఉద్యోగం పోతుంది, పాస్‌పోర్టు పోతుంది. అంతా పోతుంది. రెండు నెలలు ప్రాణం తోడేశాడు. నిన్న ట్రయలని రమ్మన్నది ఆ ముసలామె వాళ్ళింటికే. వాళ్ళ ముందు నిలబడి ఒప్పుకో, తర్వాత స్టేషన్‌కి నేనూ తోడొస్తా అన్నాడు."

బాలనర్సయ్య కళ్ళు మూసుకున్నాడు. టేబుల్ మీది పాస్‌పోర్టు వెనక్కి లాక్కున్నాడు.

"తోడొస్త అన్నోన్ని సంపితివి గదరా!"

*

తెల్లారాక లచ్చయ్య మెట్లు దిగాడు. పెంటమ్మ మొగుణ్ణి తిట్టింది, ఏడ్చింది, డబ్బాలో పాచిపోయిన అన్నం కుక్కలకి పారబోసింది. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళారు. ఆ రోజూ బస్సుల్లేవు.

బాలనర్సయ్య నరేష్ పాస్‌పోర్టు తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాడు. ఇందుకి అంతా చెప్పాడు. కౌసల్య కొడుకు చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇందు పాస్‌పోర్టు తెరిచింది. ఫోటో చూసింది. ఒక్కొక్క పేజీ తిప్పింది. అన్నీ ఖాళీయే.

"కిష్టమ్మకు ఎవరున్నరు సార్?"

"ఒక కొడుకు, కోడలు. ఎవరు గుద్దిన్రో వాళ్ళకింకా తెల్వదు."

ఇందు పాస్‌పోర్టు మూసి కొంగులో పెట్టుకుంది.

"దినాలైనంక నన్ను గా ఇంటికి తోల్కపోతరా సార్? ఆయన దింపాలనుకున్న బరువు. నేను పోయి చెప్పాలె."

"తోల్కపోత బిడ్డా. ఎప్పుడు పోదామంటవ్?"

ఇందు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మబ్బుల."