లోతు వైపు చప్పుడు

రేయ్, ముందే చెప్తున్నా. మా వీధి చివరింటి వెనకాల స్విమ్మింగ్ పూల్ ఉంది చూడండి, చీకటి పడ్డాక అటు వెళ్దామని ఎవడైనా అన్నాడంటే వాడికీ నాకూ కటీఫ్. నవ్వకండి. మొత్తం విన్నాక నవ్వండి, అప్పటికీ నవ్వొస్తే.

వరద తగ్గిన దగ్గర్నుంచీ ఆ పూల్‌కి పేరు పాడైపోయింది. బురద అందరిళ్లలోకీ వచ్చింది, కడుక్కున్నాం, అయిపోయింది. ఆ పూల్ మాత్రం అంచు దాకా నిండి అలాగే ఉండిపోయింది. డ్రైనేజీ నీళ్లు, ఒండ్రు, ఎవరిదో ఒంటి చెప్పు, ఎవరింటిదో సగం గేటు. కంపు మా మేడ మీద దాకా కొట్టేది. బాగుచేస్తామని వచ్చిన మొదటి బ్యాచ్ రెండో రాత్రికే పారలు కూడా వదిలేసి పోయారు. రెండో బ్యాచ్ ఒక్క రాత్రి ఆగలేదు. వీళ్లకీ వాళ్లకీ ముఖపరిచయం కూడా లేదు, కానీ చెప్పింది ఒకటే.

బురద కింద ఎవరో తడుతున్నారని.

పగలు చేసుకోవచ్చుగా అంటారా? కరెంటు ఉంటే కదా. వరద తర్వాత మా వైపు రాత్రి పదింటికి ఇచ్చి తెల్లారగానే తీసేసేవాళ్లు. మోటారు నడవాలంటే రాత్రే.

ఆ ఇల్లు కోచ్ సార్‌ది. సార్ పోయి రెండేళ్లయింది, గుండెపోటు. నాకు ఈతొచ్చింది అక్కడే, ఆరేళ్లు నేర్చుకున్నా. నీళ్లలో మునిగున్నోడికి అరిస్తే వినపడదు కదా, అందుకని సార్ ఇనప పానాతో పూల్ నిచ్చెన మీద మూడుసార్లు కొట్టేవారు. అంటే అందరూ పైకి అని. లేటుగా ఎక్కినోడికి ఇంకో నాలుగు రౌండ్లు. మొదటి నెలంతా ఆ నాలుగు రౌండ్లూ నావే. తర్వాత బుద్ధొచ్చి, చప్పుడు వినపడితే చాలు కప్పలా గట్టు మీదుండేవాణ్ణి.

సార్ తర్వాత వాళ్లావిడ, మా ఆంటీయే, చిన్నపిల్లలకి నేర్పిస్తోంది. రెండు బ్యాచ్‌లూ పారిపోయాక మా పిన్నిని పిలిచింది. ఈసారీ కాకపోతే మట్టి పోయించి పూడ్చేస్తానని, మట్టి లారీ వాడితో మాట్లాడేశానని చెప్పిందంట. ఆ మాట అంటున్నంతసేపూ పూల్ వైపు మాత్రం చూడలేదంట.

పిన్నికి అక్కడే జాలేసింది. ఒప్పేసుకుంది.

పిన్నీ బాబాయ్ నీళ్ల ట్యాంకులు, సంపులు కడుగుతారు. పూల్ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఏముంది, పెద్ద సంపు అనుకుంటే సరి అందంట మా పిన్ని. సంపు కడిగేవాళ్ల అలవాటు తెలుసా మీకు? చుక్క నీళ్లు మిగలకుండా తోడేసి, అడుగు కనపడితే గానీ వాళ్ల చెయ్యి ఆగదు. అదే కొంప ముంచబోయింది.

ఇక్కణ్ణుంచి పిన్ని చెప్పింది చెప్పినట్టే చెప్తున్నా.

మూడు రాత్రులు ఏ గొడవా లేదు. పైన బాబాయ్ మోటారు దగ్గర, కింద పిన్ని బూట్లు, గ్లోవ్స్ వేసుకుని పారతో బురద బకెట్లకెత్తడం. దెయ్యం వస్తే దాని చేతికీ ఓ బకెట్ ఇవ్వు, పని తొందరగా అవుద్ది అని బాబాయ్ జోకులు. నువ్వు ఎత్తే బకెట్ల కన్నా అదే ఎక్కువ ఎత్తుద్దిలే అని పిన్ని.

నాలుగో రాత్రికి లోతు తక్కువ వైపంతా తేలిపోయింది. ఇక లోతు వైపే మిగిలింది, మనిషిన్నర లోతు. అడుగున మోకాలంత ఒండ్రు. ఒకే ఒక బల్బు, గట్టు మీద కర్రకి కట్టింది. దాని వెలుగు గోడ సగం దాకే వస్తోంది. కింద పిన్ని బూట్లు పిన్నికే కనపడట్లేదు.

రెండు దాటింది…

పార దింపింది. ఎత్తింది. బకెట్లో వేసింది.

ఠక్.

పార రాయికి తగిలిందేమో అనుకుంది. కానీ పార అప్పటికే చేతిలో, గాల్లో ఉంది.

మళ్లీ వినిపించింది. ఠక్… ఠక్… చెవికి వినపడ్డం కాదంట, అరికాళ్లకి తెలిసిందంట. బూట్ల కింద నుంచి. కింద ఎవరో చూపుడు వేలు మడిచి తలుపు కొడుతున్నట్టు.

మోటారు ఆపమంది. బాబాయ్‌కి వినపడలేదు. బకెట్ తాడు పట్టుకుని లాగింది. పై నుంచి బాబాయ్ తొంగిచూశాడు.

"మోటారు ఆపు."

"ఎందుకే?"

"ఆపు ముందు."

ఆగింది. వీధి మొత్తం ఆగిపోయినట్టయింది. ఒక్క కప్ప కూడా అరవట్లేదంట… పైపులోంచి చుక్కలు పడే చప్పుడు ఒక్కటే.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

ఠక్.

ఆగకుండా ఇంకో రెండు. ఈసారి బాబాయ్ కూడా విన్నాడు. ఇంతసేపూ జోకులేసిన మనిషి కర్ర పట్టుకుని అక్కడే కూలబడిపోయాడంట. పైకి వచ్చెయ్యవే అని గొణుగుతున్నాడు, చెయ్యి మాత్రం చాచట్లేదు.

పిన్ని కూడా వచ్చేసేదే. కానీ ఇంకో రెండు గంటలు చేస్తే అడుగు బయటపడుద్ది. ఇప్పుడు వెళ్లిపోతే పొద్దున్నే లారీ. ఆంటీ మొహం గుర్తొచ్చిందంట. అందుకని… మా పిన్ని గుండె చూడండి… గ్లోవ్ తీసేసి, వంగి, బురదలో చెయ్యి పెట్టి నేలకి ఆనించింది.

నేల వణుకుతోంది.

వణకడం కాదు, ఊపిరి తీసుకుంటున్నట్టు… కొంచెం పైకి… కొంచెం కిందకి.

చెయ్యి వెనక్కి లాక్కుంది. వెంటనే మళ్లీ మొదలైంది, ఈసారి గట్టిగా, తొందర తొందరగా. తలుపు తియ్యకపోతే విరగ్గొట్టేసేలా. పిన్ని ఇక ఆగలేదు. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. ఒంటి బూటుతో నిచ్చెన పట్టుకుంది. గట్టు మీద మోకాలు ఆనించిందో లేదో…

వెనకాల బాంబు పేలినట్టు చప్పుడు.

తిరిగి చూస్తే లోతు వైపు నేల జానెడు పైకి లేచి ఉందంట! టైల్స్ పెంకుల్లా ఎగిరి పిన్ని నిలబడ్డ చోటే పడ్డాయి. పగుల్లోంచి నల్ల నీళ్లు చిమ్ముతున్నాయి. పూల్ మొత్తం ఏదో జంతువు ఒళ్లు విరుచుకున్నట్టు మూలుగుతోంది.

ఆంటీ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆ పూల్ కట్టిన మేస్త్రీ నంబర్ ఆవిడ దగ్గరుంది. నిద్రలో ఫోనెత్తినాయన, సంగతి వినగానే ముందు తిట్టాడంట, ఆ తర్వాత ఒకే మాట.

"నింపండి. మురికి నీళ్లయినా పర్లేదు, నింపండి."

పక్క ఖాళీ స్థలంలో వరద నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. మోటారు అటు పెట్టి తెల్లారేదాకా తోడి పూల్‌లో పోశారు. నాలుగు రాత్రుల కష్టం మళ్లీ బురద. కానీ నీళ్లు పెరిగేకొద్దీ మూలుగు తగ్గింది. నడుం లోతుకి వచ్చాక నేల మెల్లగా కూర్చుంది. చప్పుడు ఆగిపోయింది.

పొద్దున్నే మేస్త్రీ వచ్చి అందరికీ క్లాసు పీకాడు. వరద తర్వాత భూమి నిండా నీళ్లే ఉంటాయంట. పూల్ ఖాళీ అయితే అది ఖాళీ పడవ లాంటిదే, కింద నీళ్లు తేల్చేస్తాయి. లోపలున్న నీళ్ల బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. మరి ఆ తట్టిందెవరు అంటే ఆయన పకపకా నవ్వాడు. లోతు వైపు అడుగున ఒక ఇత్తడి మూత ఉంటుందంట. కింద నీళ్లు ఎక్కువై తోస్తే అది లేచి నీళ్లని లోపలికి వదలాలి. లేస్తుంది, పడుతుంది, లేస్తుంది, పడుతుంది.

"అదేనమ్మా నీ దెయ్యం."

వీధంతా నవ్వుకుంది. బాబాయ్ అయితే నాకు మొదట్నుంచీ డౌటేనని మొదలెట్టాడు, కూలబడ్డ సంగతి ఎత్తకుండా. పూడ్చే పని లేదు, భూమి ఆరాక బాగుచేసుకుందాం అన్నాడు మేస్త్రీ. ఆంటీ లారీ వాడికి వద్దని చెప్పేసింది.

ఇక్కడితో అయిపోతే నేను ఇదంతా ఎందుకు టైప్ చేస్తాను రా.

మొన్న ఆదివారం, రెండు నెలలకి, పూల్ మళ్లీ ఖాళీ చేశారు. ఈసారి మేస్త్రీ పక్కనుండి, రోజుకి కొంచెం కొంచెం. మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. ఆ దెయ్యం మూత ఎలా ఉంటుందో చూద్దామని పిన్నీ బాబాయ్‌లతో పాటు నేనూ దిగా. మేస్త్రీ ఒండ్రు గోకి మూత పట్టుకుని లాగాడు. రాలేదు. సుత్తి, ఉలి పెట్టి కొట్టాడు. అరగంట పట్టింది. చూస్తే మూత చుట్టూ, కింద గొట్టం నిండా బురద… బురద కాదు, గట్టిపడి ఇటుకైపోయింది.

మేస్త్రీ నవ్వట్లేదు.

"వరద రోజే పూడుకుపోయింది ఇది," అన్నాడు మెల్లగా. "ఇది కదిలుంటే అసలు నేల లేచేదే కాదు."

గట్టు మీద నుంచి ఆంటీ అడిగింది, ఆ రాత్రి చప్పుడు ఎలా వచ్చిందని. పిన్ని పార తీసుకుంది. నేల మీద కొట్టి చూపించింది.

ఠక్. ఠక్. ఠక్.

ఆగింది.

ఠక్. ఠక్. ఠక్.

అప్పటికి నేను గట్టు మీదున్నా. ఎప్పుడెక్కానో నాకు తెలీదు రా, ఒట్టు. రెండు చేతులూ నిచ్చెన పట్టుకునున్నాయ్.

కింద బాబాయ్ పడీపడీ నవ్వుతున్నాడు, మిట్టమధ్యాహ్నం దెయ్యానికి పారిపోతున్నాడు చూడు వీడు అని.

ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసింది. మంచులా ఉంది ఆ చెయ్యి.

"పారిపోవట్లేదు వాడు," అంది. "ఆయన పైకి రమ్మంటే వచ్చాడు."