దారాలమ్మ కొలతలు

ఆ ఉదయం ముసలాయనకి మెలకువ రావడానికి కారణం, పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు వినబడకపోవడం.

యాభై నాలుగేళ్ళుగా ఐదింటికి ఆ చప్పుడుతోనే లేచాడు. భార్య పోయి నలభై రోజులైంది. అయినా ఈ నలభై రోజులూ ఐదు కాగానే టకటకమని వినిపిస్తూనే ఉంది. మొదటిరోజు వెళ్ళి చూశాడు. మిషను మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. కుర్చీ ఖాళీ. మళ్ళీ వెళ్ళి చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. పడుకుని వినేవాడు. ఆగిపోయాక లేచి మొహం కడుక్కునేవాడు.

ఇవాళ అది లేదు.

లేచి ఆ గదిలోకి వెళ్ళి లైటు వేశాడు. గోడకి రెండు మేకులు. రెండూ బోసిగా ఉన్నాయి.

ఆవిడని వీధివీధంతా దారాలమ్మ అనేవారు. చదువు లేదు. పదమూడో ఏట ఒక దర్జీ కొట్లో కాజాలు కుట్టడానికి చేరింది. టేపు మీద అంకెలు చదవలేదని యజమాని నవ్వితే, ఒక దారం తీసుకుని భుజానికి ఒక ముడి, ఛాతీకి ఒక ముడి, చేతికి ఒక ముడి వేసుకుంది. జారిపోకుండా ముడికి మైనం రుద్దింది. దారం ఎవరిదో తెలియడానికి దాని తలకి వాళ్ళ గుడ్డముక్కే కట్టింది. ఎనభై రెండేళ్ళు వచ్చినా అదే పద్ధతి. బడిపిల్లల చొక్కాలు, నర్సుల కోట్లు, నాటకాలవాళ్ళ తెరలు, ఏదైనా సరే. వరద వచ్చిన ఏడు మిషను అటక మీదకి ఎక్కించుకుని, తల వంచుకుని కూర్చుని వీధి మొత్తానికి దుప్పట్లు కుట్టింది. ఆఖరి రోజు పోస్టుమాను చొక్కాకి ఒక జేబు కుట్టి, రెండోది సూది కింద పెట్టి, మంచినీళ్ళు తాగొస్తానని లేచింది. అంతే.

ఆ మేకులు కొట్టింది వడ్రంగి అయిన ముసలాయనే. కిటికీ పక్కది బతికున్నవాళ్ళ దారాలకి. ఎవరైనా పోతే ఆవిడ వాళ్ళ దారం తీసి తలుపు పక్క మేకుకి మార్చేది. ఒక్కటీ పారేసేది కాదు. "నేను అంకెలు రాసిపెడతా కదే" అని ఆయన అంటే, "మీ అంకెల్లో మనిషి కనబడడండీ" అనేది.

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కొడుకు బస్సు డిపోకి వెళ్ళడానికి బూట్లు తొడుక్కుంటున్నాడు. కోడలు టీ వడకడుతోంది.

"దారాలేవి?"

"ఏ దారాలు నాన్నా?"

కోడలి చెయ్యి ఆగింది. "పాత పేపర్లూ, అత్తయ్య కత్తిరించిన కాగితాలూ కట్టలు కట్టాను మామయ్యా. తాడు కనబడలేదు. మేకుకి ఉన్నవి..."

"కట్టలేవి?"

"నిన్న సాయంత్రమే పాత కాగితాల కొట్లో వేసొచ్చాను" అన్నాడు కొడుకు. "ఆ గది ఖాళీ చేస్తామని చెప్పాం కదా. నీ మనవరాలు ఎంతకాలం హాల్లో కూర్చుని చదువుకుంటుంది? ఊఁ అన్నావు నువ్వు."

"గదికి అన్నాను."

"పాత దారాలు నాన్నా! ఉండ కొనిస్తాలే."

ముసలాయన గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ పైకి లేవలేదు. అప్పుడు లేచింది. "ఊళ్ళో మనుషులందర్నీ మూటగట్టి కాగితాల కొట్లో పడేశారర్రా! ఉన్నవాళ్ళనీ, పోయినవాళ్ళనీ!"

మాట్లాడింది కోడలు. టీ గిన్నె ఠంగుమని గట్టు మీద పెట్టింది.

"అందర్నీనా? నేనున్నానా అందులో? పన్నెండేళ్ళుగా నాకు కుట్టినవి ఒక్కటైనా ఒంటికి సరిపోయిందా మామయ్యా? వీధిలో అందరికీ అద్దినట్టు కుట్టేవారు. నాకు మాత్రం గోనెసంచి! పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తూ కూర్చుంటే, వచ్చిన ప్రతివాళ్ళూ మీ అత్తగారు కుట్టిందేనా అని అడిగేవారు. కాదు, కొన్నాను అని చెప్పేదాన్ని. తలకొట్టేసినట్టుండేది. కొలత తియ్యబుద్ధి కాలేదనుకున్నాను. పరాయిదాన్ని కదా!"

ముసలాయన చెప్పులు వేసుకున్నాడు.

"నాన్నా, ఎక్కడికి?"

ఆయన అప్పటికే వాకిలి దాటిపోయాడు. కోడలు కొంగున చెయ్యి తుడుచుకుని, "ఇవాళ సెలవని డాక్టరుగారికి చెప్పండి" అని మొగుడికి చెప్పి, మామగారి వెనకే పరుగెత్తింది.

కొట్టువాడు అప్పుడే తలుపులు తీస్తున్నాడు. "దారాల కోసమా తాతా! కాగితాలు వదిలేసి దారాలడిగే బేరం నా జన్మలో చూళ్ళేదు" అని నవ్వాడు. ఒక కట్ట రాత్రే లారీలో వెళ్ళిపోయింది. మిగిలిన తొమ్మిదీ తీసి వేశాడు. ఆ కట్టలు ఎవరివో విన్నాక నవ్వు ఆపేశాడు.

"దారాలమ్మవా? నా మొదటి ప్యాంటు ఆవిడే కుట్టింది. అయితే నాదీ ఉంటుందా?"

ముగ్గురూ నేల మీద కూర్చుని విప్పారు. కోడలు వేసిన ముడులు గోటికి ఊడొచ్చాయి. మైనం ముడులు కదల్లేదు. "ఇదుగో, గోధుమరంగు! నా ప్యాంటుదే!" అని కొట్టువాడు తన దారం నడుముకి చుట్టుకుని చూసుకున్నాడు. సగం దూరం కూడా రాలేదు. "అబ్బ, ఇంత సన్నగా ఉండేవాణ్ణా!"

కోడలి చేతికి లేత పసుపు గుడ్డముక్క ఉన్న దారం వచ్చింది. పెళ్ళైన కొత్తలో తొడుక్కున్న బట్ట. ఛాతీ ముడి పక్కనే, వేలెడు దూరంలో, ఇంకో చిన్న ముడి ఉంది. పక్క దారం చూసింది. ఆ పక్కదీ చూసింది. వాటికి లేదు.

"ఇదేమిటి మామయ్యా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. అంత పెద్ద మాట చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

"అడిగానొకసారి. ఆ పిల్లకెందుకు వదులుగా కుడతావని. 'ఆ పిల్ల మాట మింగేస్తుందండీ. మింగినవన్నీ ఎక్కడికి పోతాయి? లోపల కాస్త చోటుండాలి' అంది."

కోడలు పసుపు ముక్కని గుప్పెట్లో పట్టుకుని తల వంచుకుంది. కొట్టువాడు లేచి, ఏదో పని ఉన్నట్టు అవతలికి వెళ్ళాడు.

కాసేపటికి ఆమె నీలం చారల గుడ్డ ఉన్న దారం ఎత్తి పట్టుకుంది. "ఇది మీ చొక్కాది కదూ?"

"ఊఁ."

"మీకు రెండున్నాయి మామయ్యా."

ముసలాయన తీసుకుని వేలితో తడిమాడు. ఛాతీ ముడి. దాని పక్కన ఒకటి. ఆ పక్కన ఇంకొకటి. యాభై నాలుగేళ్ళు తొడుక్కున్నాడు, చొక్కా వదులని ఒక్కసారీ తోచలేదు. నలభై రోజులూ రాని ఏడుపు ఆ కాగితాల మధ్య వచ్చింది.

ఇంటికొచ్చి దారాలు మేకులకి తగిలించారు. గుడ్డలు చూసి ఆయన పేరు పేరునా చెబుతుంటే, కోడలు ఏ మేకుదో ఆ మేకుకి వేసింది. అన్నీ అయ్యాక ఆమె చుట్టూ చూసింది. "అత్తయ్యదేది? లారీలో పోయిందా?"

"లేదు. ఎప్పుడూ లేదు. ఆవిడకి కొలత ఎవరు తీశారు?"

తలుపు వెనక ఆవిడ పనికోటు వేలాడుతోంది. మెడపట్టీకి గుండుసూదులు ఇంకా అలాగే ఉన్నాయి. కోడలు దాన్ని బల్ల మీద పరిచి, దారం ఆనించి, భుజానికి ఒక ముడి, ఛాతీకి ఒక ముడి, చేతికి ఒక ముడి వేసింది. మైనం రుద్దింది. కోటు లోపలి మడతలోంచి గోరంత ముక్క కత్తిరించి తలకి కట్టింది.

"ఏ మేకుకి మామయ్యా?"

ముసలాయన ముందు కిటికీ వైపు చూశాడు.

"తలుపు పక్కది" అన్నాడు.

ఆ సాయంత్రం కొడుకు వచ్చి, రెండు మేకులూ చూసి, కూతురి చదువు బల్ల హాల్లోంచి తెచ్చి కిటికీ కింద వేశాడు. మిషను ఉన్నచోటే ఉంది.

మర్నాడు ఐదింటికి ముసలాయన కళ్ళు తెరిచాడు. పక్కగదిలో టకటకమని మొదలైంది. కదలకుండా పడుకున్నాడు.

తలుపు దగ్గర నీడ కదిలింది. కోడలు. జుట్టు రేగి ఉంది, కళ్ళు పెద్దవై ఉన్నాయి. గొంతు తగ్గించి అడిగింది.

"మామయ్యా... మీకూ వినిపిస్తోందా?"

"ఊఁ" అన్నాడాయన.

ఆమె గుమ్మం మీద చతికిలబడి కూర్చుంది. ఆ కుట్టు పూర్తయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.