పోయినసారికి థాంక్స్

హాల్‌స్టెన్‌ను చంపినవాడు ముందు అతనితో కూర్చుని భోంచేశాడు. సోయికూర చల్లిన చేప, ఉడికించిన బంగాళాదుంపలు. హాల్‌స్టెన్ ప్లేటు సగంలో ఆగిపోయి అతని తల కిందే ఉంది. రెండో ప్లేటు కడిగి, తుడిచి, స్టాండులో బోర్లించి ఉంది.

"ఇది అల్లుడి పని," అన్నాడు కల్నల్ లిల్యెగ్రెన్, ఆ గది ఫొటోలు బల్ల మీద పడేసి. "మనం పెట్టుకున్న పేరే. ఏ ఇంటికెళ్ళినా మర్యాదలన్నీ చేయించుకుని, ఆ ఇంటివాడినే ముంచి పోతాడు. వాడి ముఖం చూసి బతికినవాడు మన డిపార్ట్‌మెంటులో ఒక్కడూ లేడు."

బల్లకు ఇవతల కూర్చున్నది సిక్స్‌టెన్ ఆల్‌మార్క్, వీవెకా తూర్నెల్. సిక్స్‌టెన్‌కి నలభై అయిదేళ్ళు. పెళ్ళిలో చివరి వరసలో నిలబడే బంధువులాంటి ముఖం, ఎవరికీ గుర్తుండదు. ఏజెంటుకి అదే ఆస్తి. వీవెకా అలా కాదు. ఆమె గదిలోకొస్తే మాట్లాడుతున్నవాడు తను ఏం చెబుతున్నాడో మరిచిపోతాడు. ఏజెంటుకి అదీ ఆస్తే. ఈ ఇద్దరూ రెండు వేసవులుగా ఒకే కప్పు కింద ఉంటున్న సంగతి కల్నల్‌కి తెలుసు. తెలియనట్టు నటించడం ఆయన సంస్కారం.

1984 వేసవి అది. మా తీరంలో ఎవరివో జలాంతర్గాములు దొంగల్లా తిరుగుతున్నాయని పేపర్లు గగ్గోలు పెడుతున్నాయి. అవి కట్టిన ఇంజనీర్లలో ఒకడు, అర్కాది వెలిన్, చేపల పడవలో సముద్రం దాటి వచ్చి మా చేతుల్లో పడ్డాడు. అతన్ని దాచింది మా డిపార్ట్‌మెంటు మనిషి హాల్‌స్టెన్. ఎక్కడ దాచాడో అల్లుడికి చెప్పకుండానే చచ్చిపోయాడు.

"వెలిన్ ప్రాణాలతో గోథెన్‌బర్గ్ చేరాలి," అన్నాడు కల్నల్. "అక్కడ పడమటికి వెళ్ళే సరుకు ఓడ సిద్ధంగా ఉంది. విమానాలు, రైళ్ళు, రోడ్లు వాళ్ళ కళ్ళల్లో ఉన్నాయి. అందుకని కాలువలో తీసుకెళ్ళండి."

"కాలువలోనా?" అన్నాడు సిక్స్‌టెన్. "కల్నల్ గారూ, ఆ యాత్ర ఓడల్ని గట్టు మీద నడిచే ముసలమ్మ దాటిపోతుంది."

"అందుకే. ప్రాణభయంతో పారిపోయేవాడు అది ఎక్కుతాడని ఎవడనుకుంటాడు? ఏ ఓడో నాకూ, నీకూ తెలిస్తే చాలు. వీవెకా, నీకు ఎక్కే రోజు పొద్దున చెబుతారు. అన్నట్టు, అల్లుడిని నువ్వెప్పుడైనా చూశావా?"

"ఫొటోలో కూడా చూడలేదు."

"నేనూ అంతే. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో సముద్రం అవతలి దేశపువాడు ఒక్కడితోనూ చేయి కలపలేదు," అన్నాడు కల్నల్, పతకం చూపించినట్టు.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు సిక్స్‌టెన్‌కి ఒక గొడుగిచ్చారు. పిడి పక్కన మీట నొక్కితే కొసలోంచి మత్తు సూది దూసుకుపోతుంది. తమ బేస్‌మెంటులో నలభైసార్లు పరీక్షించామని చెప్పారు. బేస్‌మెంటులో వాన కురవదన్న సంగతి వాళ్ళకీ తట్టలేదు, ఇతనికీ తట్టలేదు.

ఓడ పేరు స్వాన్‌హిల్డ్. తెల్లగా, పొట్టిగా, ముత్తాతల కాలంనాటిది. కేబిన్లో ఒకరు ప్యాంటు తొడుక్కోవాలంటే రెండోవారు వరండాలోకి వెళ్ళాలి. సిక్స్‌టెన్ చర్చి ఆర్గన్లు బాగుచేసే మెకానిక్‌గా ఎక్కాడు. వెలిన్‌కి రిటైరైన ఫిన్లాండు పాస్టరు వేషం వేశారు. అతనికి మా భాష సరిగా రాదు, నోరు విప్పితే దొరికిపోతాడు. ఫిన్లాండువాడు నాలుగు రోజులు నోరు విప్పకపోయినా మా దేశంలో ఎవరూ అనుమానించరు. వీవెకా ఆ పాస్టరు గారి మేనకోడలు.

కోడ్ మాట ఎవరు పెట్టారో గాని వాళ్ళకి దండం పెట్టాలి. "ఈ ఏడు స్ట్రాబెర్రీలు ఆలస్యమయ్యాయి" అనాలి. "వానలది తప్పు, వాటిది కాదు" అని జవాబు రావాలి. ఆ వేసవిలో దేశం మొత్తం అదే మాట్లాడుకుంటోంది. మెట్లెక్కేలోపు సిక్స్‌టెన్‌కి ఆ జవాబు ముగ్గురు ముసలమ్మలు చెప్పారు. నాలుగోసారి వీవెకా చెప్పి, నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

మొదటి లాకు దగ్గర తలుపులు తిప్పే సిగ్నె గట్టు మీంచి కేకేసింది. "మాల్టె, పోయినసారికి థాంక్స్."

"నీకే థాంక్స్," అన్నాడు కెప్టెన్ మాల్టె. "ఆ కేకు ఇంకా అరగలేదు."

"అరగకపోతే నడువు. ఓడలో కూర్చుంటే అరుగుతుందా?"

మావాళ్ళు ఇంతే. ఎవరితోనైనా ఒకపూట కలిసి కూర్చున్నాక మళ్ళీ కనబడితే, నమస్కారం కంటే ముందు వచ్చే మాట ఇది. చిన్నప్పుడు మరిచిపోతే తల్లి జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కెళ్ళి చెప్పిస్తుంది. ఆ తర్వాత చచ్చేదాకా అది నోట్లోంచి దానంతటదే వస్తుంది.

లాకు తర్వాత లాకు. గేట్లు మూసుకోవడం, నీళ్ళు నిండడం, ఓడ లేవడం. ప్రయాణికులు ముందే దిగి గట్టు వెంట నడిచేవాళ్ళు, ఆవుల్ని పలకరించేవాళ్ళు. వీవెకా వెలిన్ చేయి పట్టుకుని నడిపించేది. అతనికి ఊరబెట్టిన హెర్రింగ్ చేప తినడం నేర్పింది. ఒక మధ్యాహ్నం వెలిన్ సిక్స్‌టెన్ చెవిలో, "నాకూ ఇలాంటి కూతురుండేది. వచ్చేటప్పుడు చెప్పి రాలేకపోయాను," అన్నాడు. సిక్స్‌టెన్‌కి గుండె మెత్తబడింది. ఈ పని అయిపోయాక వీవెకాను పెళ్ళి చేసుకోమని అడగాలనుకున్నాడు. ఉంగరం గొడుగు సంచిలోనే ఉంది.

మోటాలా రేవులో కొత్త ప్రయాణికుడు ఎక్కాడు. మెడలో బైనాక్యులర్స్, భుజాన ఇనుప ట్రైపాడ్, గుండ్రటి ముఖం. కెప్టెన్ అతన్ని డెక్ మీదకు తీసుకొచ్చి అందరికీ పరిచయం చేశాడు. "డాక్టర్ త్సెల్గర్. స్విట్జర్లాండులో పళ్ళ డాక్టరు. పక్షుల్ని చూడ్డానికొచ్చారు. మన దేశానికి రావడం ఇదే మొదటిసారి."

వీవెకా కాఫీ కప్పు ఎడమచేతికి మార్చుకుని కుడిచేయి చాచింది.

"పోయినసారికి థాంక్స్," అంది.

"మీకే థాంక్స్," అన్నాడు త్సెల్గర్.

ఒక్క క్షణం. అంతే. వీవెకా గలగలా నవ్వేసింది. "చూశారా డాక్టర్, మా దేశంలో ఇలా అనాలి. రెండోసారి కలిసినప్పుడు మీకు పనికొస్తుంది." అందరూ నవ్వారు. కెప్టెన్ చప్పట్లు కొట్టాడు.

సిక్స్‌టెన్ కూడా నవ్వాడు. ఆమె దిద్దుబాటు బాగానే ఉంది, కాని ఆలస్యమైంది. ఆమె పాఠం చెప్పకముందే ఆ స్విస్ పళ్ళ డాక్టరు జవాబు చెప్పేశాడు. మొదటిసారి వచ్చినవాడు. ఆమె ఎక్కడో, ఏ బల్ల దగ్గరో, ఇతనితో కూర్చుని తిన్నది. బహుశా ప్లేటు కూడా ఇతనే కడిగి ఉంటాడు.

సిక్స్‌టెన్ పక్కకు జరిగాడు. రెయిలింగ్ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. రెండు వేసవులు. ఆమె తల్లి కుటీరం, ఆమె చేతి కాఫీ, ఉంగరం. ఏడుపు రాలేదు. కోపం కూడా తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు.

అతను పని మరిచిపోలేదు. వెలిన్ బతికి ఉండాలి. ఓడలో గొంతు కోస్తే రక్తం, పోలీసులు, పేపర్లు. అల్లుడికి కావలసింది యాక్సిడెంటు. ఈ దారిలో యాక్సిడెంటుకి అనువైన చోటు లాకులే.

పెద్ద సరస్సు దాటి ఫోర్స్‌విక్ చేరేసరికి సన్నగా వాన పడుతోంది. రాతిలో తొలిచిన పాత లాకు. ఓడకీ గోడకీ మధ్య బెత్తెడు ఖాళీ. ఊరివాళ్ళు ఎప్పట్లాగే గొడుగులు పట్టుకుని భక్తిగీతం పాడుతూ, వచ్చినవాళ్ళకి అడవిపూల గుత్తులిస్తున్నారు. ప్రయాణికులంతా ముందే దిగి లాకు గట్టు మీద చేరారు. కింద స్వాన్‌హిల్డ్ మెల్లగా రాతి గోడల మధ్యకు జరుగుతోంది. ఆ ముక్కు ముందు నీళ్ళలో పడినవాణ్ణి తప్పించడానికి కెప్టెన్‌కి చోటూ లేదు, టైమూ లేదు.

"మామయ్యా, పూలు పట్టుకుని అక్కడ నిలబడు, ఫొటో తీస్తాను," అంది వీవెకా. "ఇంకొంచెం వెనక్కి. ఇంకొక్క అడుగు."

వెలిన్ ఆమెను చూసి నవ్వుతూ వెనక్కి అడుగు వేశాడు. మడమ రాతి అంచుకు తగిలింది. పక్కనే త్సెల్గర్ ట్రైపాడ్ భుజాన పెట్టుకుని, చెట్టు మీద ఏదో పిట్టను చూసినట్టు గిరుక్కున తిరిగాడు. ఇనుప కాళ్ళు వెలిన్ ఛాతీ వైపు వచ్చాయి.

సిక్స్‌టెన్ గొడుగెత్తి మీట నొక్కాడు. టప్ మని చప్పుడైంది. సూది రాలేదు. నీళ్ళ చుక్క ఒకటి వచ్చింది.

గొడుగు తిరగేశాడు. వంకర పిడి వెలిన్ కోటు కాలరుకు తగిలించి, ఉన్న బలమంతా పెట్టి పక్కకు లాగాడు. వెలిన్ గడ్డిలో పడ్డాడు. ట్రైపాడ్ ఖాళీ గాలిని గుద్దింది. దాని వెనకే తన బరువంతా తోసిన అల్లుడు ఆపుకోలేక అంచు దాటిపోయాడు.

కెప్టెన్ ఇంజను వెనక్కి తిప్పాడు. ఓడ ఆగలేదు.

పాట కూడా ఆగలేదు. ఎత్తుకున్న చరణం మధ్యలో వదిలేయడం మావాళ్ళకు చేతకాదు. అది పూర్తి చేశాకే ఒకావిడ అరిచింది. వర్షానికి రాళ్ళు జారుడుగా ఉన్నాయని, విదేశీయులకి తెలియదు పాపం అని తర్వాత అందరూ అనుకున్నారు. టెక్నికల్ సెక్షన్ తయారుచేసిన ఆ ఆయుధంలో పనికొచ్చిన భాగం, కొట్లో కొన్న పిడి ఒక్కటే.

వీవెకా పారిపోలేదు. కెమెరా సంచిలో పెట్టుకుని నేరుగా సిక్స్‌టెన్ దగ్గరికి వచ్చింది. కేబిన్లో ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి.

"ఎలా పట్టావు?"

"వాడికి థాంక్స్ చెప్పావు."

ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మా అమ్మ పెంపకం. మూడేళ్ళు ట్రైనింగ్ ఇచ్చారు నాకు. పేరు మార్చుకోవడం, అబద్ధం చెప్పడం, ఏడవడం. అమ్మ నేర్పింది మాత్రం ఎవడూ పోగొట్టలేకపోయాడు."

"వెలిన్ నిన్ను కూతురనుకున్నాడు."

నవ్వు ఆగిపోయింది. "తెలుసు. అది మాట్లాడకు."

"మన రెండేళ్ళూ?"

"కొన్ని రోజులు నిజమే. ఏ రోజులో అడక్కు, నేనే లెక్క తప్పాను." కిటికీలోంచి చెట్లు మెల్లగా వెనక్కి పోతున్నాయి. "ఒక్కమాట విను సిక్స్‌టెన్. నాకు ఓడ పేరు ఎక్కిన రోజు పొద్దున నువ్వే చెప్పావు. అల్లుడు టికెట్ కొన్నది అంతకు వారం ముందు. వాడే చెప్పాడు."

"అంటే?"

"అంటే నువ్వే లెక్కేసుకో. నేను చెబితే నమ్ముతావా? ద్రోహిని కదా."

అతను నమ్మలేదు. పోతూ పోతూ విషం చిమ్ముతోందనుకున్నాడు. రిపోర్టులో "అనుమానాస్పద ప్రవర్తన గమనించి" అని మాత్రం రాశాడు. ఆ పలకరింపు సంగతి రాయలేదు. అది ఆమెకూ, తనకూ మిగిలిన ఆఖరి ముచ్చట. దాన్ని ఫైల్లో పెట్టడం ఇష్టం లేకపోయింది.

గోథెన్‌బర్గ్‌లో వెలిన్ సరుకు ఓడ ఎక్కాడు. వాడిపోయిన అడవిపూలు అతని చేతిలో ఇంకా ఉన్నాయి. "ఆ అమ్మాయి కనబడలేదే, వీడ్కోలు చెప్పాలి," అన్నాడు. ఎవరూ అతనికి చెప్పలేదు. సిక్స్‌టెన్ కూడా చెప్పలేదు. ఉంగరాన్ని రేవు నీళ్ళలో పారేద్దామని చేయెత్తి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. ఖరీదైనది మరి.

మరుసటి చలికాలం జైల్లో ఉన్న వీవెకాను మార్చుకున్నారు. దారి తప్పి అవతలి నీళ్ళలోకి పోయిన మా జాలర్లు ఇద్దరికి బదులు ఆమెను ఇచ్చేయాలని మంత్రిత్వశాఖ ఒప్పుకుంది. రేవుకి తీసుకొచ్చే పని సిక్స్‌టెన్‌కే వేశారు. ఆమె జుట్టు కత్తిరించేశారు. అయినా కాపలా కుర్రాళ్ళు ఆమెనే చూస్తూ మాటలు మరిచిపోతున్నారు.

మంచు తుంపర. వాళ్ళ ఓడ మెట్ల దగ్గర బూడిదరంగు కోటు తొడుక్కున్న అధికారి ఒకడు నిలబడ్డాడు. జాలర్లు గడ్డాలతో, బెరుకుగా దిగారు. మంత్రిత్వశాఖ మనిషి హడావిడిగా పరిచయాలు కానిచ్చాడు. "వీరు మేజర్ గురోవ్. వీరు మా కల్నల్ లిల్యెగ్రెన్. మీరిద్దరూ ఇదే మొదటిసారి కలుసుకోవడం కదా." అంటూనే జాలర్లతో ఫొటోకి పరుగెత్తాడు.

కల్నల్ మంచి కుటుంబంలో పుట్టినవాడు. గ్లవుజు తీసి, చేయి చాచి, తల కొద్దిగా వంచాడు.

"పోయినసారికి థాంక్స్," అన్నాడు.

మేజర్ చేయి చటుక్కున వెనక్కి పోయింది. కల్నల్‌కి తను ఏమన్నాడో తెలియనే తెలియదు. ఆ మాట అన్నామని మాలో ఎవరికీ తెలియదు, ఊపిరి తీసుకున్నట్టు తెలియకుండానే అనేస్తాం.

రెండో మెట్టు మీద వీవెకా ఆగిపోయింది. వెనక్కి తిరిగి సిక్స్‌టెన్ కళ్ళల్లోకి చూసింది. ఆ నవ్వే, కేబిన్లో నవ్విన నవ్వే. టికెట్ సంగతీ, కొన్ని రోజులు నిజమేనని ఆమె అన్నదీ అప్పుడు నమ్మాడు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇలాంటివి రిపోర్టు చేయడానికి డిపార్ట్‌మెంటులో పద్ధతి ఉంది. నేరుగా, రాతపూర్వకంగా, కల్నల్ లిల్యెగ్రెన్‌కే చెప్పుకోవాలి.

కారులో కూర్చున్నాక కల్నల్ అతని భుజం తట్టాడు. "దిగులు పడకు. నీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. నువ్వూ, నేనూ, అంతే. సోయికూర వేసి చేప వండిస్తాను."

సిక్స్‌టెన్ గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, అద్దంలోంచి దూరమవుతున్న ఓడను చూశాడు.

"తప్పకుండా వస్తాను కల్నల్ గారూ," అన్నాడు. "తిన్నాక ప్లేటు మాత్రం నేనే కడుగుతాను."