బీరువా తెరిచి ఉండగా

"కంప్యూటర్ బాగు చేయమంటే కంప్యూటర్ బొమ్మ చూపిస్తారేంటండీ?"

ఎంబ్రాయిడరీ మాస్టారి కూతురు కంప్యూటర్ రిపేర్ షాపతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. అతను నవ్వాపుకున్నాడు. మాస్టారి కొట్టులో పాత కంప్యూటర్ పొగ వదిలి కన్నుమూసింది. దాని పక్కనే తన ల్యాప్‌టాప్ పెట్టి, తెరలో ఇంకో చిన్న తెర తెరిచాడతను.

"బొమ్మ కాదండీ, వర్చువల్ మెషిన్. కంప్యూటర్‌లో కంప్యూటర్. మీ ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ కొత్తవాటిలో నడవదు కదా! అందుకని లోపల ఒక పాతకాలందాన్ని పుట్టించాను."

"పుట్టించారు సరే, పని చేస్తుందా?"

"ఇప్పటికైతే ఖాళీ బుర్ర. సాఫ్ట్‌వేరూ డిజైన్లూ ఎక్కించాలి."

"పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించేయండి."

"పెన్‌డ్రైవ్ అంటే ఏంటో దానికి తెలీదు. నెట్ అంటే అసలే తెలీదు."

"బాగా దొరికారు ఒకరికొకరు!" అని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

వెటకారం చేసింది గానీ, ఆమె భయం ఆమెది. చేతులు వణకడం మొదలయ్యాక మాస్టారు కొత్త డిజైన్లు గీయడం మానేశారు. గీసినవన్నీ ఆ చచ్చిన కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. పైగా రేపు సాయంత్రానికి నాటకం వాళ్లకి రాజుగారి అంగీ ఇవ్వాలి. దాని మీద మాస్టారి నెమళ్లు కుట్టాలి.

అతను హార్డ్ డిస్క్ ఊడదీసి షాపుకి పట్టుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "మీ నెమళ్లు బతికే ఉన్నాయండీ" అన్నాడు. ఆ ముక్క విన్నాక ఆమె మొదటిసారి అతని మొహం సరిగ్గా చూసింది. కళ్లు బాగున్నాయి. జుట్టు మాత్రం దువ్వెన మొహం ఎరగదు.

"ఇప్పుడెలా ఎక్కిస్తారు మరి?"

"లోపలి మెషిన్‌కి హార్డ్ డిస్క్ అంటే, నా ల్యాప్‌టాప్‌లో ఒక పెద్ద ఫైలు. డిస్క్ ఇమేజ్ అంటాం. మెషిన్ ఆపేసి, దాన్ని బయట నుంచి బీరువాలా తెరుస్తాను. సామాను సర్ది మూసేస్తాను. తర్వాత ఆన్ చేస్తే అన్నీ లోపల ఉంటాయి."

"మూయకుండా ఆన్ చేస్తే?"

"కొంప మునుగుతుంది."

కాపీ నడుస్తుండగా అతనికి ఫోనొచ్చింది. మాట్లాడటానికి వరండాలోకి వెళ్లాడు. అంతలో నాటకం వాళ్లు ఆమెకి ఫోన్ చేసి, "అంగీ ఏదమ్మా?" అని గద్దించారు. తెర మీద కాపీ ఎంతైందో చూపే గీత నిండిపోయింది. అయిపోయిందనుకుని ఆమె మెషిన్ ఆన్ చేసే ఆకుపచ్చ బటన్ నొక్కింది.

చిన్న తెర ఒకసారి వెలిగింది. ఏవేవో తెల్ల అక్షరాలు జలజలా రాలాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

అతను పరుగున వచ్చి చూశాడు. బీరువా మూయనేలేదు.

"ఏమైంది?" అన్నారు మాస్టారు, బట్ట కత్తిరించే బల్ల దగ్గర నుంచి.

ఆమె నోరు తెరిచేలోపే, "నావల్లేనండీ! తొందరపడి నేనే ఆన్ చేసేశాను" అన్నాడతను. "ఇదంతా ఎక్కించక ముందు తీసిన కాపీ షాపులో ఉంది. ఇప్పుడే తెస్తా."

బయట వాన దంచుతోంది. ఆమె తన గొడుగు అతని చేతికిచ్చింది.

తిరిగొచ్చేసరికి మనిషి ముద్దముద్దగా తడిసిపోయాడు. గొడుగేమో గుండెకి హత్తుకున్న సంచీ మీద అడ్డంగా వాలి ఉంది.

"గొడుగిచ్చింది మీకు!" అని కసిరింది.

"నేను తడిస్తే ఆరతానండీ. ఇది తడిస్తే ఆరదు."

తువ్వాలు అతని మొహాన విసిరింది. విసిరాక అటు తిరిగి నవ్వుకుంది.

మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. తెరవడం, సాఫ్ట్‌వేర్ పెట్టడం, డిజైన్లు సర్దడం. ఈసారి ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"మూశారా?"

"మూశాను."

"నా మీద ఒట్టు?"

"అంత పెద్ద ఒట్టు వద్దండీ, నిజంగానే మూశాను."

బటన్ నొక్కమని ఆమెకే చూపించాడు. చిన్న తెర వెలిగింది. అందులో నెమళ్లు బారులు తీరాయి. కేబుల్ తగిలించగానే ఎంబ్రాయిడరీ మెషిన్ టకటకా అందుకుంది. మొదటి నెమలి మెడ తేలేసరికి మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆమె ఉండబట్టలేకపోయింది. "నాన్నా, ఇందాక పాడు చేసింది ఈయన కాదు. నేనే."

"తెలుసమ్మా. బల్ల దగ్గర నీ వెనకాలే ఉన్నా కదా, చూడనూ?" మాస్టారు అతని వైపు తిరిగారు. "ఏం బాబూ, అబద్ధం ఎందుకు చెప్పావు?"

"ఆవిడ తిట్లు తింటుంటే చూడలేననిపించిందండీ."

"ఎప్పట్నుంచి అలా అనిపిస్తోంది?"

"నిన్నటి నుంచండీ," అన్నాడు నేల చూస్తూ. "బొమ్మ అన్నారు చూడండీ, అప్పట్నుంచి."

ఆమె బుగ్గలు కందిపోయాయి.

"నాకేమో గొడుగు దగ్గర్నుంచి," అంది మెల్లగా.

మాస్టారు లేచి కత్తెర పక్కన పెట్టారు. "అంగీ ఇచ్చాక నాటకానికి నాకు మూడు టికెట్లు ఇస్తామన్నారు. నాకు నాటకాలు పడవు. మీ ఇద్దరూ వెళ్లండి. మూడోది మీ అమ్మగారికివ్వు బాబూ. ముందు ఆవిడ మా అమ్మాయిని చూడాలి కదా!"